కంకర బాట మీద కలుపు: మందు డబ్బా కొనే ముందు చూడాల్సినవి

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. హన్మకొండ దగ్గర మీ ఊరి చెరువు కట్ట మీద నుంచి గుట్ట కిందుగా తిరిగి వచ్చే కిలోమీటరున్నర కంకర బాట అది. వేసి మూడేళ్లయింది. మొదటి వానాకాలం శుభ్రంగా ఉంది. రెండో ఏడు అంచుల్లో గడ్డి వచ్చింది. ఈ ఏడు వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి) నడుం దాకా పెరిగింది. పొద్దున నడిచేవాళ్లలో కొందరు మందు కొట్టిద్దాం అంటున్నారు, కొందరు ఎండాకాలంలో తగలబెడదాం అంటున్నారు, ఇంకొందరు కంకర తీసేసి సిమెంటు వేయించాలంటున్నారు. చెరువుకూ చెట్లకూ నష్టం లేకుండా ఏడాదంతా నడవడానికి వీలుగా ఉండాలంటే ఏం చేయాలన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై రెండేళ్లుగా పార్కుల్లో, చెరువు గట్ల మీద, అడవి అంచుల్లో నడక బాటలు వేయించే పని, వాటిని చూసుకునే పని చేస్తున్నాను. నాకు అర్థమైన అసలు విషయం మొదటే చెప్తాను. కంకర మీద గడ్డి మొలవదు. కంకర సందుల్లో చేరిన మట్టిలో మొలుస్తుంది. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టకుండా పైన ఎంత పీకినా, ఎంత కొట్టినా వచ్చే వానకు మళ్లీ అదే కథ. మీ బాట మొదటి ఏడు బాగుండి మూడో ఏడు పాడవడానికి కారణం కూడా అదే. మూడేళ్ల దుమ్ము, మూడేళ్ల రాలుటాకు, గుట్ట మీద నుంచి మూడు వానాకాలాల ఒండ్రు కంకర మధ్యలో కూర్చున్నాయి.

అందుకే ముందు ఒక పొద్దున కాగితం, పెన్ను పట్టుకుని బాట మొత్తం నడవండి. కలుపు ఎంత ఉందో లెక్కపెట్టొద్దు, ఎక్కడ ఉందో రాసుకోండి. పల్లంలో, నీళ్లు నిలిచే చోట తుంగ గుంపుగా ఉంటుంది. చెట్ల కింద ఆకు కుళ్లి నల్లమట్టి అయిన చోట కుప్పింటాకు, నేల ఉసిరి లాంటి చిన్న మొక్కలు ఉంటాయి. రెండు అంచుల నుంచి గరిక తీగలు లోపలికి పాకుతాయి. వయ్యారిభామ మాత్రం ట్రాక్టరు మొరం దించిన చోట, జేసీబీ తిరిగిన చోట మొదట కనిపిస్తుంది. మీ బాటలో కూడా అదే వరస ఉంటుందని నా నమ్మకం. కలుపు ఎక్కడుందో తెలిస్తే కారణం సగం తెలిసినట్టే.

ఇంకో సంగతి గమనించండి. జనం ఎక్కడ అడుగు వేస్తున్నారు? చాలా చోట్ల బాటను మూడు మీటర్ల వెడల్పున వేస్తారు. చూడటానికి బాగుంటుంది. కానీ నడిచేవాళ్లు మధ్యలో మీటరున్నర మేరే నడుస్తారు. అడుగు పడే చోట మొలక నిలవదు. అడుగు పడని మిగతా మీటరున్నర కలుపుకు వదిలిపెట్టినట్టే. మీది మూడు మీటర్ల బాట అయితే నా సలహా, దాన్ని మీటరున్నరకు కుదించండి. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడవడానికి అది చాలు. ఎదురెదురుగా వచ్చినప్పుడు ఆగి తప్పుకోవడానికి అక్కడక్కడా కాస్త వెడల్పు చోటు ఉంచండి. మిగిలిన అంచును గరికకు ఇచ్చేసి, అరచేతి ఎత్తు దాటకుండా కోయించండి. గరిక కలుపే, కానీ అంచులో ఒత్తుగా అల్లుకున్న గరిక వయ్యారిభామను మొలవనివ్వదు, గట్టు మట్టిని కొట్టుకుపోనివ్వదు. అది బాటలోకి పాకకుండా అంచు వెంట బండరాళ్లో, విరిగిన రాతి కడీ ముక్కలో సగం పాతి హద్దు పెడితే సరిపోతుంది. నెలకోసారి ఆ హద్దు వెంట పారతో ఒక గీత గీస్తే లోపలికి వచ్చిన తీగలు తెగిపోతాయి.

ఖర్చు పరంగా కూడా చూడండి. కిలోమీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు అంటే 2,250 చదరపు మీటర్లు. దాని మీద రెండున్నర సెంటీమీటర్ల పొర వేయాలంటే 56 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 2,000 ఘనపుటడుగులు. ట్రాలీకి 100 ఘనపుటడుగులు వేసుకుంటే ఇరవై ట్రాలీలు. రోలరు తొక్కితే అణిగిపోతుంది కాబట్టి ఇరవై ఐదు అనుకోండి. బాట మూడు మీటర్లుంటే ఇది రెండింతలవుతుంది, కలుపు కూలీ కూడా రెండింతలే.

ఇక ఇప్పుడు చేయాల్సిన పని. మీరు రాసింది చిన్న పుసాల కార్తెలో, అంటే జులైలో. మిరుగు (జూన్‌లో వచ్చే మృగశిర కార్తె) వానలకు మొలిచిన వయ్యారిభామ ఇప్పుడు పూతకు వచ్చి ఉంటుంది. మొలిచిన నెల, నెలన్నరకే అది పూస్తుంది. పెద్ద మొక్క ఒక్కటి పది పదిహేను వేల గింజలు రాలుస్తుంది. ఈ మొక్క మన నేలది కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది, 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట గుర్తించారు, ఇప్పుడు మన చెల్కల్లో, రోడ్డు పక్కన, బడి మైదానాల్లో అది లేని చోటు లేదు. పశువులు ముట్టవు. దాని పుప్పొడితో ఉబ్బసం పెరిగేవాళ్లు ఉన్నారు, ఆకు తగిలితే చర్మం మీద దద్దుర్లు వచ్చి నెలల తరబడి బాధపడేవాళ్లు ఉన్నారు. ఆరోగ్యం కోసం పొద్దున నడవడానికి వచ్చే పెద్దవాళ్ల పక్కన నడుం ఎత్తున ఇది ఊగుతుంటే నాకు నిజంగా భయమేస్తుంది. కాబట్టి మిగతా ఏ కలుపైనా ఆగుతుంది, ఇది ఆగదు.

దీన్ని కోయకండి, వేరుతో పీకించండి. కోస్తే మొదలు నుంచి పక్క కొమ్మలు వేసి ఇంకా కిందనే పూస్తుంది. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు పీకితే తల్లివేరు తేలిగ్గా వస్తుంది. పూత రాని మొక్కలను కంపోస్టు గుంటలో వేయొచ్చు. పూత, గింజ ఉన్నవాటిని పీకిన చోటే కుప్ప వేయొద్దు, ఈడ్చుకుంటూ పోవద్దు, గింజంతా దారి పొడవునా రాలుతుంది. అక్కడికక్కడే గోనె సంచిలో తల కిందికి పెట్టి నింపి, బాటకు దూరంగా మూడడుగుల గుంటలో వేసి పైన అడుగున్నర మట్టి కప్పండి. ఆకుల మీద పసుపు తెలుపు రంగులో, నల్లని వంకర చారలతో చిన్న పెంకు పురుగులు కనిపిస్తే వాటిని చంపొద్దు. ఈ మొక్కను తినడానికే 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో పెంకు పురుగు సంతతి అవి. వానాకాలంలో ఆకును జల్లెడలా తినేస్తాయి. బాట మీది మొక్కలు పీకి, దూరంగా బీడులో ఉన్న మొక్కల మీది పురుగులను అలాగే వదిలేయండి.

పీకడానికి వచ్చేది ఎక్కువగా మన ఊరి అక్కలే. ఒట్టి చేతులతో, చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పీకుతారు. దయచేసి ఆ పని అలా చేయించకండి. రబ్బరు చేతిగ్లవ్స్, నిండు చేతుల చొక్కా, మాస్కు, కాళ్లకు బూట్లు ఇవ్వండి. ఇవి మందు డబ్బా ఖర్చు కన్నా తక్కువే అవుతాయి. చర్మానికి ఇంతకుముందు దద్దుర్లు వచ్చినవాళ్లకు వేరే పని చెప్పండి. ఎత్తుగా పెరిగిన చోట ముందు కర్రతో తట్టి చూడాలి. చెరువు గట్టు గడ్డిలో రక్తపింజర ఉండటం మన దగ్గర మామూలే.

మందు మాటకు వస్తాను. నా అనుభవంలో నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. పనిలో చేరిన కొత్తలో ఒక చెరువు పక్క పార్కులో పండగ ముందు బాట శుభ్రం కావాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. టెన్షన్‌లో ఆలోచించకుండా గడ్డి మందు కొట్టించాను. సాయంత్రం వాన పడింది. బాట మీది మందు నీళ్లతో పాటు అంచుకు జారింది. వారం తిరిగేసరికి మేమే నాటి పెంచిన తంగేడు వరస మాడిపోయింది, అంచు గడ్డి చచ్చిపోయింది. తర్వాతి వానకు పట్టుకునే వేరు లేక అంచు కోసుకుపోయి కంకర కాలువలో పడింది. రెండు నెలలకు ఆ ఖాళీ చోటులో మొలిచింది ఏమిటో తెలుసా, వయ్యారిభామే. పోటీ లేని నేల దొరికితే మొదట వచ్చేది అదే. ఆ తంగేడు మళ్లీ నిలబడటానికి మూడేళ్లు పట్టింది. ఆ చెరువు నీళ్లలోకి ఎంత మందు దిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పొలానికీ కంకర బాటకూ తేడా ఇదే. గ్లైఫోసేట్ లాంటి మందు మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది. కంకరలో పట్టుకోవడానికి మట్టి తక్కువ, కాబట్టి వాన పడితే ఎక్కువ భాగం నీటితో పాటు పోతుంది. మీ బాటకు పక్కనే చెరువు. పైగా గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న చీడపీడల నివారణ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. దుకాణంలో అడగ్గానే ఇస్తారు కదా అని మన వాకర్లే డబ్బాలు ఎత్తుకుని కొట్టడం సరికాదు. పారాక్వాట్ పేరు కూడా ఎవరో ఎత్తారని రాశారు. ఆ మందుకు విరుగుడు లేదు. కొద్దిగా లోపలికి పోయినా ఊపిరితిత్తులు పాడై మనుషులు చనిపోతారు. పిల్లలు ఆడుకునే, కుక్కలు తిరిగే, పశువులు నీళ్లు తాగే చోటుకు దాన్ని తేవొద్దు. ఇక పాకాల, ఏటూరునాగారం లాంటి అభయారణ్యాల లోపలి బాటల సంగతి చట్టంలోనే ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 32వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు అభయారణ్యంలో వాడకూడదు.

ఉప్పునీళ్లు కొడదాం అన్నవాళ్లకు కూడా ఇదే సమాధానం. ఉప్పు మొక్కను మాడుస్తుంది, నిజమే. కానీ ఉప్పు మాయమైపోదు. కొంత చెట్టు వేళ్ల దగ్గర పేరుకుంటుంది, కొంత చెరువులో కలుస్తుంది. వెనిగర్ పై ఆకును మాత్రమే కాలుస్తుంది, తుంగ గడ్డకూ గరిక వేరుకూ అది తగలనే తగలదు.

మందు వద్దనడానికి మన దగ్గర ఇంకో కారణం ఉంది, దాన్ని నేను అన్నిటికన్నా ముఖ్యమని అనుకుంటాను. బాట అంచులో మొలిచేదంతా జనం దృష్టిలో కలుపు కాదు. వినాయక చవితికి తుమ్మికూర వండుకోవాలని పొద్దున్నే గట్ల వెంట వెతికేవాళ్లు ఉన్నారు. గంగవాయిలి కూర, చెంచలి కూర కోసుకుపోయేవాళ్లు ఉన్నారు. వాళ్లకు మీరు నిన్న మందు కొట్టారని తెలియదు. బోర్డు పెట్టినా అందరూ చదవరు.

తగలబెట్టడం గురించి ఎక్కువ చెప్పను. ఫిబ్రవరి నుంచి మే దాకా గుట్ట మీద ఆకు, గడ్డి ఎండి సిద్ధంగా ఉంటాయి. బాట మీద పెట్టిన మంట గుట్ట ఎక్కడానికి ఒక్క గాలి చాలు. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని అదే వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ నిషేధిస్తుంది, రిజర్వు అడవిలోనూ అది నేరమే. గ్యాసు మంటతో కలుపు కాల్చే పరికరాలు వీడియోల్లో చూసి ఉంటారు. చలి దేశాల తడి నేలలకు అవి పనికొస్తాయేమో కానీ, మన టేకు ఆకుల పక్కన వాటిని వెలిగించొద్దు.

ఇప్పుడు మొలక దశలోనే పట్టుకోవడం గురించి. మన పత్తి రైతుకు ఇది నేను నేర్పాల్సిన పని లేదు. వాన పడిన పది పన్నెండు రోజులకు, కలుపు రెండాకుల మీద ఉండగా గుంటుక తోలితే ఎండకు మాడిపోతుంది. అదే కలుపు నెల తర్వాత నలుగురు కూలీలను అడుగుతుంది. బాటకూ అదే లెక్క. కాకపోతే మీ బాట ఏ రకమో ముందు చూసుకోండి.

కంకర విడివిడిగా కదిలే బాట అయితే ఇనుప పళ్ల పంజాతో పైపైన, ఎండ గట్టిగా ఉన్న రోజు పది గంటలకు గీకితే సాయంత్రానికి మొలకలు వాడిపోతాయి. మొరం, క్రషర్ డస్ట్ (రాతి పొడి) వేసి రోలరు తొక్కిన గట్టి బాట అయితే పంజా వేయొద్దు. ఆ గట్టి పొరే మీకు కాపలా, దాన్ని పగలగొడితే మీరే విత్తనాలకు దుక్కి దున్నినట్టు. అక్కడ దోకుడు పారతో నేలకు సమాంతరంగా చెక్కాలి, ఒక సెంటీమీటరు కన్నా లోతు పోకూడదు. ఎక్కడైనా లేచిపోతే తడిపి దిమ్మిసతో కొట్టేయాలి. మిరుగు తర్వాత ఒకసారి, మూడు వారాలకు ఒకసారి, మఖ పుబ్బల్లో (ఆగస్టు, సెప్టెంబరు) ఒకసారి, ఈశాన్య రుతుపవనాల చినుకులు పడితే స్వాతిలో (అక్టోబరు చివర) ఇంకోసారి. ఏడాదికి నాలుగు సార్లు సమయానికి చేస్తే బాట నిలబడుతుంది. సమయం తప్పితే ఎనిమిది సార్లు చేసినా నిలబడదు.

గీకే ముందు ఒక్కటి చూడండి. తీతువు పిట్ట గూడు కట్టదు. కంకర నేల మీదే చిన్న పల్లం చేసి గుడ్లు పెడుతుంది, మామూలుగా నాలుగు. రంగు, మచ్చలు అచ్చం రాళ్లలాగే ఉంటాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా, మీ పని వేళల్లోనే, అవి పొదుగుతుంటాయి. పిట్ట మీ నెత్తి మీద అరుస్తూ తిరుగుతుంటే కాలి దగ్గర గుడ్లున్నాయని అర్థం. నాలుగు రాళ్లు చుట్టూ గుర్తుగా పెట్టి ఆ పది మీటర్లు ఒక నెల వదిలేయండి. పొదగడానికి దానికి నాలుగు వారాలు పడుతుంది. ఆ పది మీటర్ల కలుపు తర్వాత తీసుకోవచ్చు. తొలకరికి నేల మీద ఎర్రగా మఖమల్ ముక్కల్లా తిరిగే ఆరుద్ర పురుగులు కూడా ఈ మొరం నేలల్లోనే ఉంటాయి. మందు వద్దనడానికి నాకు అవీ కారణమే.

తుంగ వేరే కథ. పైన పీకితే కింద గడ్డ మిగులుతుంది, ఆ గడ్డకు పక్కన ఇంకో గడ్డ దండలా ఉంటుంది. ఒకటి పీకితే రెండు లేస్తాయని రైతులు ఊరికే అనలేదు. తుంగ ఉన్న చోట మొదట నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో చూడండి. బాట మధ్య భాగం అంచుల కన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుండాలి, అప్పుడే వాన ఇటూ అటూ జారుతుంది. మీ బాట నడిచి నడిచి మధ్యలో పళ్లెంలా అయి ఉంటుంది. గుట్ట వైపు ఒక చిన్న కాలువ తీయండి, పై నుంచి వచ్చే ఎర్ర ఒండ్రు బాట ఎక్కకుండా అందులోనే ఆగుతుంది. ఏడాదికోసారి ఆ కాలువ పూడిక తీయాలి. ఒర్రె (చిన్న వాగు) బాటను దాటే చోట కంకర వేయడమే దండగ, ఎన్నిసార్లు వేసినా పోతుంది. అక్కడ పెద్ద బండలు పరచండి. తుంగ గుంపును ఏప్రిల్‌లో ఒక జానెడు లోతుకు తవ్వి, గడ్డలను పైకి తీసి రెండు మూడు వారాలు ఎండనివ్వండి. ఆ ఎండకు ఎండిన గడ్డ మళ్లీ లేవదు. తర్వాత జల్లించి, కంకర తిరిగి వేసి, మిరుగుకు ముందే రోలరు తొక్కించండి.

ఈ తవ్వకం గుట్ట కింది భాగంలోనే. కట్ట మీద మాత్రం గడ్డపార దించొద్దు, జేసీబీ ఎక్కించొద్దు. కట్ట అంటే నీళ్లను ఆపే గోడ. కాకతీయుల కాలంలో, 1213 ప్రాంతంలో గణపతిదేవుడు కట్టించిన పాకాల చెరువు కట్ట ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఉంది. అలాంటి మట్టి కట్టల వాలు మీద గడ్డి కప్పు ఉండాల్సిందే, బాట శుభ్రం పేరుతో వాలును చెక్కి బోడి చేయకూడదు. కట్ట మీద తీయాల్సింది వేరే ఉంది. సర్కారు తుమ్మ, రావి లాంటి చెట్ల మొలకలను చిన్నగా ఉన్నప్పుడే తీసేయాలి. పెద్ద చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ సందులో నీటికి దారి దొరుకుతుంది. సర్కారు తుమ్మ గింజలు మేకల పేడలో, పశువుల పేడలో వచ్చి పడతాయి. మొదటి వానాకాలంలో తడి నేలలో చేత్తో పీకితే వచ్చేస్తుంది, రెండేళ్లు ఆగితే గొడ్డలితో కొట్టినా మొదలు నుంచి లేస్తుంది. కట్ట మీద ఏ పనికైనా నీటిపారుదల శాఖ ఇంజనీరుకు ముందు చెప్పండి, అడవి భూమి తగిలే చోట ఫారెస్టు సెక్షన్ ఆఫీసరుకు చెప్పండి.

సిమెంటు వద్దనేది కూడా ఇందుకే. కట్ట మీద సిమెంటు వేస్తే కింద పడిన పగులు, ఎలుక బొరియ కంటికి కనిపించవు. సిమెంటు అతుకుల్లోంచి తుంగ ఎలాగూ వస్తుంది. పెద్దవాళ్ల మోకాళ్లకు మొరం బాటే నయం.

కింద నల్ల ప్లాస్టిక్ షీటో, కలుపు మ్యాటో వేస్తే పోతుందా అని అడిగారు. పైపొర కింద వేసేది ఒకటి రెండేళ్లు పని చేస్తుంది. తర్వాత దాని మీదే మట్టి చేరుతుంది, వేర్లు ఆ గుడ్డలోకే అల్లుకుంటాయి, పీకితే గుడ్డతో సహా లేస్తుంది. తుంగ మొన సూదిలా ఉంటుంది, పలుచని షీటును పొడుచుకుని పైకి వస్తుంది. చివరికి ప్లాస్టిక్ పీలికలు చెరువులోకి పోతాయి. ఒక్క చోట మాత్రం నేను గుడ్డ వేయిస్తాను. చెరువు శిఖం (నీళ్లు పరుచుకునే నేల) వైపు రేగడి ఉంటే, వానకు ఆ మెత్తటి నల్లమట్టి కంకరను మింగేస్తుంది, మట్టి పైకి తేలుతుంది. అక్కడ రేగడి మీద మందపాటి జియో టెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, దాని పైన పదిహేను సెంటీమీటర్ల మొరం వేసి తొక్కించాలి. అది కలుపు కోసం కాదు, మట్టీ రాయీ కలవకుండా ఉండటం కోసం.

మొరం ఎక్కడి నుంచి తెస్తున్నారో మీరే పోయి చూడండి. గుట్ట పైపొర గీరి ఎత్తిన మొరంలో ఆ బీడు కలుపు గింజలన్నీ ఉంటాయి. లోతు నుంచి తీసిన మొరం శుభ్రంగా ఉంటుంది. క్వారీ చుట్టూ వయ్యారిభామ పూసి ఉంటే ఆ మొరం వద్దని చెప్పండి. పైపొరకు ఆరు మిల్లీమీటర్ల చిప్స్ (చిన్న రాతి ముక్కలు), క్రషర్ డస్ట్ కలిపి వేస్తే తడిపి తొక్కాక గట్టి పెంకు కడుతుంది. మన దగ్గర గ్రానైట్ క్రషర్లకు కొదవ లేదు. ఇరవై, నలభై ఎంఎం కంకర ఒట్టిది వేస్తే నడవడానికి కాళ్లు జారతాయి, సందుల్లో దుమ్ము చేరుతుంది.

ఆకు ఊడవడం చిన్న పనిగా కనిపిస్తుంది కానీ ఏడాది మొత్తంలో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది అదే. జనవరి నుంచి మార్చి దాకా టేకు, తునికి, మద్ది ఆకు రాలుతుంది. ఆ ఆకు వానకు ముందే బాట మీద నుంచి పోతే మట్టి అవదు, మట్టి లేకపోతే మొలక లేదు. ఊడ్చిన ఆకును చెట్ల పాదుల్లో వేయండి. పైగా ఎండాకాలంలో ఆకు లేని బాట అడవికి ఫైర్ లైన్‌గా, అంటే మంట దాటకుండా ఆపే ఖాళీ పట్టీగా కూడా పనికొస్తుంది. పెద్ద పెద్ద చీపుర్లతో పది మంది ఒక ఆదివారం చేయగలిగిన పని ఇది.

బ్రష్ కట్టర్ కంకర మీద వాడొద్దు. రాయి బుల్లెట్‌లా లేస్తుంది. అంచు గడ్డికి వాడితే నడిచేవాళ్లు లేని వేళలో, చుట్టూ పదిహేను మీటర్లలో ఎవరూ లేకుండా, కళ్లద్దాలు పెట్టుకుని వాడాలి.

మీ దగ్గర రోజూ నలభై మంది నడుస్తారని రాశారు. ఒక్కొక్కరు రోజుకు పది మొలకలు, చేతికి కవరు తొడుక్కుని, పీకితే నెలకు పన్నెండు వేలవుతాయి. వయ్యారిభామ మొలకను గుర్తుపట్టడం ఒక్క రోజు నేర్పితే చాలు. క్యారెట్ ఆకులా చీలిన ఆకులు నేలకు అంటుకుని చక్రంలా పరుచుకుని ఉంటాయి. ఆ దశలో రెండు వేళ్లతో వచ్చేస్తుంది. కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు అప్పుడు కాలువ పూడికకు, మొరానికి మిగులుతుంది.

అంచు కోతకు ఒక హద్దు పెట్టుకోండి. బాటకు రెండు వైపులా అడుగున్నర మేర పొట్టిగా ఉంచితే పాము కనిపిస్తుంది, పల్లేరు ముళ్లు చెప్పుల్లేని కాళ్లకు గుచ్చుకోవు. ఆ అడుగున్నర దాటాక కొడవలి ఆపేయండి. అక్కడ గునుగు, తంగేడు ఉంటాయి. చేలో గునుగు కలుపే, పత్తి చేలో దాన్ని నేనూ పీకాను. కానీ భాద్రపదం వచ్చేసరికి దాని తెల్లని, గులాబీ రంగు కంకుల కోసం ఊరంతా గట్ల మీదికి వస్తుంది. ఈ మధ్య గడ్డి మందుల వల్ల చేలల్లో గునుగు తగ్గిపోయి, బతుకమ్మకు పూలు కొనుక్కోవాల్సి వస్తోందని ఆడవాళ్లు బాధపడుతున్నారు. మీ బాట అంచు వాళ్లకు ఆ పూలు ఇవ్వగలదు. కాబట్టి మఖ కార్తె కోత తర్వాత అడుగున్నర అవతల ఎవరూ కోయొద్దని పనివాళ్లకు గట్టిగా చెప్పండి, గునుగు గుంపులున్న చోట ఒక రంగు గుడ్డ పీలిక కట్టి గుర్తు పెట్టండి. సద్దుల బతుకమ్మ అయ్యాక, మిగిలిన కంకులను గింజ ముదిరే దాకా ఉంచి, అవి అంచులోనే రాలాక స్వాతి కార్తెలో చివరి కోత కోయించండి.